జగన్నాథపురం వంకరతోక

మా ఇంట్లో ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రాణి ఒక్క పిల్లి మాత్రమే. మిగతావాళ్ళం ఇంకా ప్రయత్నంలోనే ఉన్నాం. నేను ఎం.ఏ. చదివిన కోర్సుని యూనివర్సిటీవాళ్ళు తర్వాత ఎత్తేశారు. లేని కోర్సుకి పట్టా ఎలా ఉంటుందని ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా అడిగేసరికి, వంటింట్లో అలాంటి ప్రశ్నలు ఉండవు గనక అక్కడే స్థిరపడ్డాను. మా ఆయన విశ్వేశ్వరం నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. ఆయన సీనియారిటీ పెళ్ళినాటినుంచీ పరిశీలనలో ఉంది. ఇక మా అత్తగారు కనకరత్నంగారి వేలిముద్రలు రుబ్బురోలు దగ్గరే అరిగిపోవడంవల్ల, ఆవిడ బతికే ఉన్నారన్న సంగతిని పింఛను మెషిను ఏటా ఒకసారి కొట్టిపారేస్తుంది.

ఈ పరిస్థితుల్లో పిల్లికి గుర్తింపు ఎలా వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. చెబుతాను.

పిల్లి పేరు చుక్కమ్మ. బూడిదరంగు ఒంటి మీద నల్లచారలు, తోక చివర ఎవరో మడతపెట్టి మరిచిపోయినట్టు ఒక వంకర. ఒక వానాకాలం మా వరండాలోకి వచ్చింది. వాన వెలిసింది గానీ అది వెళ్ళలేదు. పగలంతా మా అత్తగారి ఒళ్ళోనే ఉండేది. కాకినాడలో ఏ వేడినీళ్ళ సంచీ ఆవిడ మోకాళ్ళకి చెయ్యలేని పని అది చేసేది.

వాళ్ళిద్దరి స్నేహానికి ఇంకో కారణం కూడా ఉంది. మా మావగారు పోయినప్పటినుంచీ, ఇంట్లో ఎవరు పనిమీద బయల్దేరుతున్నా అత్తగారు తనంతట తానే వెనకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవారు. "ఇవన్నీ మేం పట్టించుకోం అత్తయ్యగారూ, బయటికి రండి" అని నేనంటే, "మీరు పట్టించుకోరమ్మా. రేపు ఆ పని కాకపోతే అప్పుడు గుర్తొస్తుంది" అనేవారు. చుక్కమ్మ వచ్చాక దాన్ని కూడా చంకనెత్తుకుని గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టారు.

"మా ఇద్దరిదీ ఒకటే కేసమ్మా. మేం ఎదురొస్తే మీ పనులు చెడతాయి" అని నవ్వేవారు.

ఆవిడ ఎంత బాగా నవ్వినా నాకు మాత్రం ఆ మాటకి నవ్వు వచ్చేది కాదు.

ఇలా ఉండగా మా శ్రీనిలయ ఎన్‌క్లేవ్ నివాసుల సంక్షేమ సంఘానికి పట్టాభిరామయ్యగారు కార్యదర్శి అయ్యారు. సహకార శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలినా భాష వదల్లేదు. కాఫీ తాగుతూ "పంచదార పరిమాణము విషయమై తమ దృష్టికి తేవడమేమనగా" అని ఇంటావిడతో అనగా నేను స్వయంగా విన్నాను. ఆయనకి ఏదో బకాయిల విషయంలో కోర్టులో కేసుంది. ఒకరోజు పొద్దున్నే స్కూటరు మీద వాయిదాకి బయల్దేరుతుంటే మా చుక్కమ్మ గేటు దగ్గర ఎదురొచ్చింది. ఆ రోజు జడ్జిగారు సెలవు పెట్టారు, కేసు వాయిదా పడింది. ఆ కేసు అంతకుముందు కూడా ఎప్పుడూ వాయిదానే పడేది. కాని వాయిదాకి కారణం తెలియడం మాత్రం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా సర్వసభ్య సమావేశం పెట్టారు.

"ఎన్‌క్లేవ్ ఆవరణలో ప్రభుత్వ గుర్తింపు పొందిన జాతులకు చెందిన జంతువులను మాత్రమే ఉంచుకొనవలెను. గుర్తింపు లేని జంతువులను నెలాఖరులోగా మున్సిపల్ వాహనమునకు అప్పగింపవలెను" అని చదివి వినిపించారు పట్టాభిగారు.

"మూడో అంతస్తువాళ్ళ కుక్క మొన్న లిఫ్టులో చేసిందండి, అది మరి?" అన్నాను.

"అది లాబ్రడార్ అమ్మా. దానికి కాగితాలున్నాయి."

"చేసినదానికా?"

"జాతికి."

చప్పట్లతో తీర్మానం నెగ్గింది. అందరికంటే గట్టిగా కొట్టింది లిఫ్టు వాడని కింది అంతస్తువాళ్ళు.

ఇంటికొచ్చి అత్తగారికి మెల్లగా చెప్పాను. ఆవిడ చుక్కమ్మ చెవుల మధ్య నిమురుతూ అంతా విన్నారు.

"ఆ మున్సిపాలిటీ బండిలో ముందు సీటు ఖాళీగా ఉంటుందేమో కనుక్కోవే హైమా. దీన్ని ఒళ్ళో పెట్టుకుని నేనూ పోతాను" అన్నారు, పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళొస్తానన్నంత మామూలుగా. ఆ సాయంత్రం కాఫీ గ్లాసు పెట్టినచోటే చల్లారిపోయింది.

గుర్తింపు కావాలంటే తెచ్చుకుంటే పోయె అనుకున్నాను. ఫోనులో వెతికితే రాష్ట్ర దేశవాళీ జంతుజాతుల గుర్తింపు మండలి అని ఒకటి ఉన్నట్టు తేలింది. మొదట ఆవుల కోసం పెట్టారట. ఆవులైపోయాయి. తర్వాత మేకలైపోయాయి. గాడిదలు కూడా అయిపోయి, మండలి మాత్రం మిగిలిపోయింది. నేను ఫోన్ చేసి "పిల్లి" అనగానే అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. నేరుగా సంయుక్త సంచాలకులు డాక్టర్ దంతులూరి రంగరాజుగారికే కలిపారు.

"తమ మార్జాలం యొక్క విశిష్టత ఏమిటమ్మా?"

"తోక వంకరండి."

"అది లోపమా, లక్షణమా?"

"మీరు గుర్తింపు ఇవ్వకపోతే లోపమండి. ఇస్తే లక్షణం."

"తమరు ఏం చదువుకున్నారమ్మా?" అన్నారు గౌరవంగా. ఎత్తేసిన కోర్సు పేరు చెప్పాను. ఆయన సానుభూతి తెలియజేశారు.

దరఖాస్తుకి ఏడు తరాల వంశవృక్షం కావాలన్నారు. ఇది అత్తగారి సొంత విద్య. ఎవరి మేనత్త కూతురు ఎవరి తోడికోడలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. చుక్కమ్మ తల్లి పాత వంతెన దగ్గరి పాలబూత్‌దనీ, దాని తల్లిది మేదరవీధనీ, ఆపై అమ్మమ్మ సామర్లకోట నుంచి గడ్డి లారీలో వచ్చిందనీ ఆవిడ చెబుతుంటే మా ఆయన రాసుకుంటూ పోయారు.

"అమ్మా, మరి తండ్రో?"

"నోరు మూసుకో. పరాయి సంసారాలు మనకెందుకు?"

మా ఆయన మూడు దశాబ్దాల డ్రాఫ్టింగు అనుభవాన్నంతా కూడదీసుకుని, "పితృపక్షము మిక్కిలి విస్తృతమైనందున పేర్లు ప్రత్యేకించి పేర్కొనుట సాధ్యపడలేదు" అని రాశారు. గోత్రం అన్న గడి ఒకటి ఉంది. సగోత్ర సంబంధాలు కుదరకుండా జాగ్రత్తట. గోత్రం తెలియనివాళ్ళకి వాడుకలో ఉన్నదే గనక కాశ్యప అని నింపాం. జాతి పేరు దగ్గర నేను మా పేట పేరు కలిపి "జగన్నాథపురం వంకరతోక" అని రాశాను. మండలివాళ్ళు వంకర అన్నమాట కించపరిచేలా ఉందని అభ్యంతరపెట్టి, "శ్రీ కాకినాడ వక్రవాల మార్జాలము" అని మార్చారు. తోక మాత్రం మారలేదు.

తర్వాత క్షేత్రస్థాయి తనిఖీ అన్నారు. జీపు మా సందులోకి తిరిగేసరికి చుక్కమ్మ ప్రహరీగోడ మీద ఎండ కాచుకుంటోంది. జీపులో రంగరాజుగారి క్యారేజీ, ఆ క్యారేజీలో చేపల వేపుడు ఉన్నాయన్న సంగతి మాకెవరికీ తెలియకముందే దానికి తెలిసింది. గోడ దిగి, తీరుబడిగా జీపుకి అడ్డంగా నడిచి అవతలికి వెళ్ళింది.

కీచుమని బ్రేకు పడింది.

"కుదరదండి బాబూ! పిల్లి ఎదురొచ్చేసింది. ఎనక్కెళ్ళి కాసేపు కూకుని, మంచినీళ్ళు తాగి రావాలండి" అన్నాడు డ్రైవరు అప్పారావు.

"అప్పారావ్, మనం వచ్చిందే ఆ పిల్లి కోసం."

"పిల్లి కోసం రావొచ్చండి. పిల్లి మనకోసం రాకూడదు కదండి."

రంగరాజుగారు జీపులోంచి నావైపు చూశారు. "నేను వ్యక్తిగతంగా శాస్త్రవేత్తనమ్మా. ఇటువంటివేవీ విశ్వసించను. అయితే తనిఖీ శుభంగా ఆరంభం కావడం తమకే శ్రేయస్కరం."

జీపు వెనక్కి నడిచి సందు చివరి కిరాణా కొట్టు దగ్గర ఆగింది. నీళ్ళు తాగి మళ్ళీ వచ్చారు. క్యారేజీ కూడా వచ్చింది గనక చుక్కమ్మ మళ్ళీ ఎదురొచ్చింది. మళ్ళీ వెనక్కి. జీపు వదిలేసి నడిచి వద్దామనుకున్నారు గానీ, భోజనం వేళ దాటుతోందని క్యారేజీ చేత్తో పట్టుకుని నడిచారు. వెనక గేటు దగ్గర కూడా అదే ఎదురైంది. ఆ ఒక్కరోజులో వాళ్ళు మా సందులో తాగిన నీళ్ళకి కిరాణావాడు కొత్త క్యాను తెప్పించాడు. పట్టాభిగారు బాల్కనీలోంచి "నేను ఆనాడే రాతపూర్వకముగా తెలియపరచితిని!" అని ప్రతిసారీ ప్రకటిస్తూనే ఉన్నారు.

చివరికి మా అత్తగారు కిటికీ రెక్క తీశారు.

"ఏం నాయనా, అది మీకు ఎదురొచ్చిందా, మీరు దానికి ఎదురొచ్చారా? అది పొద్దుటినించీ దాని గోడ మీద అది ఉంది. జీపేసుకుని ఊరి మీద పడ్డది మీరు. దాని పనేం చెడిందో ఎవరైనా కనుక్కున్నారా?"

రంగరాజుగారు ఆ మాటల్ని అక్కడికక్కడే రాసుకున్నారు. "ఇది విధానపరమైన ప్రశ్న. పైకి నివేదించవలసి ఉంటుంది" అని, పిల్లిని చూడకుండానే, లేదా చాలినన్నిసార్లు చూసి, వెళ్ళిపోయారు.

పైన దీని మీద పెద్ద చర్చే జరిగిందని తర్వాత తెలిసింది. పిల్లికి ప్రభుత్వం గుర్తింపు ఇచ్చాక, ఆ పిల్లి ఎదురుపడితే అపశకునమంటే ప్రభుత్వం అపశకునాన్ని గుర్తించినట్టే గదా అని ఒకరు లేవనెత్తారట. గుర్తింపు ఇవ్వకపోతే, పిల్లి ఎదురొచ్చిందన్న కారణంగా అధికారులు విధి నిర్వహణ మానుకున్నట్టు రుజువవుతుందని ఇంకొకరు భయపడ్డారట. రెండు ప్రమాదాలూ తప్పేలా ఉత్తర్వు వచ్చింది.

"శ్రీ కాకినాడ వక్రవాల మార్జాలమునకు జాతి గుర్తింపు ఇవ్వడమైనది. సదరు మార్జాలము ఎదురుపడుటను ఇకమీదట శుభశకునముగా పరిగణింపవలెను. గుర్తింపు లేని ఇతర మార్జాలముల విషయములో ప్రస్తుత ఆచారము యథాతథముగా కొనసాగును."

ఉత్తర్వుతోపాటు మెడలో కట్టడానికి ఒక ఇత్తడి బిళ్ళ కూడా పంపారు. అత్తగారు చుక్కమ్మని ఒళ్ళో కూచోబెట్టుకుని తన చేత్తోనే కట్టారు. ఆ రోజు రెండుసార్లు కాఫీ అడిగారు.

మా కష్టాలు గట్టెక్కాయనే అనుకున్నాం. కాని ఆ రోజునుంచీ మా ఊళ్ళో పిల్లి ఎదురొస్తే జనం చెప్పులు విడిచి వెనక్కి తిరగడం మానేసి, ముందుకి వంగి దాని మెడ చూడటం మొదలుపెట్టారు. బిళ్ళ ఉంటే ప్రయాణం, లేకపోతే ఇల్లు. బిళ్ళ లేని మామూలు పిల్లులు ఇంతమంది మర్యాదగా వంగడం చూసి బెదిరి గోడలెక్కాయి. సామర్లకోట నుంచి ఒకాయన తన పిల్లి తోకని దారంతో వంచి కట్టి గుర్తింపు కోసం తెచ్చాడు. అది దారం తెంపుకుని, ఆయన్ని గీరి, ఇంటిదారి పట్టింది.

మా గుమ్మంలోకి మొట్టమొదట వచ్చింది పట్టాభిగారే. పంచదార అప్పుకి వచ్చిన మనిషిలా నిలబడ్డారు.

"అమ్మా హైమవతీ, రేపు నా వాయిదా. తమ మార్జాలము యొక్క సౌకర్యమును బట్టి, ఉదయము గేటు వద్ద..."

"మరి తీర్మానం అండి?"

"తీర్మానము గుర్తింపు లేనివాటికి."

మర్నాడు చుక్కమ్మ దయతలచింది. సాయంత్రం పట్టాభిగారు స్వీటు పొట్లంతో వచ్చారు. కేసు మళ్ళీ వాయిదా పడిందట, కానీ ఈసారి దగ్గర తేదీకి. ఆ కోర్టులో ఇంతకన్నా శుభం ఎవరికీ జరగలేదన్నారు.

ఇక చూడండి, తెల్లారేసరికి మా గేటు ముందు జనం. హాల్‌టికెట్లు పట్టుకున్న పిల్లలు, పెళ్ళిచూపులవాళ్ళు, టెండరు కవర్లతో కాంట్రాక్టర్లు. వాచ్‌మన్ సత్తిబాబు సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీసి, గీత దాటకుండా అందర్నీ నిలబెట్టేవాడు. చుక్కమ్మ గీతకి ఇవతల కూచుని కాలు నాక్కునేది. దానికి ఏ పరీక్షా లేదు. "ఒక్క అడుగమ్మా, మా తల్లివి కదూ" అని గుత్తేదార్లు బతిమాలుతుంటే కళ్ళు మూసుకునేది.

ఈలోగా మండలివాళ్ళు తాము ఇచ్చిన ఉత్తర్వుని తామే గౌరవించకపోతే బాగుండదని, మండలి వాహనమేదీ మా ఊరినుంచి వక్రవాల మార్జాలము ఎదురుపడనిదే కదలకూడదని ఒక సవరణ వేశారు. అది చూసి మిగతా ఆఫీసులు కూడా అలాగే వేశాయి. దాంతో "మార్జాలము ఎదురుపడనందున పర్యటన వాయిదా" అని రాసుకుని అధికారులు ఆఫీసుల్లోనే ఉండిపోసాగారు. ఆ రోజుల్లో తనిఖీలేవీ జరక్క ఊళ్ళో పనులు సాఫీగా సాగాయని మా కూరలమ్మే ఆవిడ చెప్పింది.

అత్తగారి ఒళ్ళు మాత్రం ఖాళీ అయిపోయింది. చుక్కమ్మ పొద్దున్న కిందికి వెళితే జనం వదిలేవారు కాదు. వచ్చేసరికి అలిసిపోయి సోఫా కిందే నిద్రపోయేది. ఆవిడ మోకాళ్ళకి నూనె రాసుకుంటూ ఒకరోజు నాతో అన్నారు:

"ఒకటే కేసనుకున్నాం కదే. దానికి తీర్పొచ్చేసింది. నాదే వాయిదాల్లో ఉంది."

ఈసారి ఆవిడ కూడా నవ్వలేదు.

అంతలో రంగరాజుగారి నుంచి తాఖీదు వచ్చింది. జాతి మొత్తానికీ చుక్కమ్మ ఒక్కతే ఉన్నందున అది అమూల్యమైన రాష్ట్ర సంపద అని, రాజధానిలో సంరక్షణ కేంద్రానికి తరలిస్తామని, ఏసీ వాహనం వస్తుందని. అక్కడైతే పెద్దపెద్దవాళ్ళకి ఎదురు రావడానికి అనువుగా ఉంటుందట. వెంటనే ఫోన్ చేశాను.

"మా ఇంట్లో ఉంచుకోవడానికే కదండీ మేం గుర్తింపు అడిగింది?"

"అమ్మా, తమరు చదువుకున్నవారు. గుర్తింపు లేని జంతువు తమవద్ద ఉండరాదని తమ సంఘం నియమం. గుర్తింపు ఉన్న జంతువు తమవద్ద ఉండరాదని మా నియమం. రెండింటికీ వైరుధ్యం లేదు."

ఆ సంగతి చెప్పినప్పుడు అత్తగారు ముందు సీటు గురించి అడగలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

బండి వచ్చింది. మున్సిపాలిటీది కాదు. తెల్లటి ఏసీ వ్యాను, ముందు బంతిపూల దండ, వెనక జీపు. అత్తగారు చుక్కమ్మని తనే పంజరంలో పెట్టి, అందులో తన పాత నేత చీర ముక్క పరిచి, ఎవరో బయల్దేరుతున్నారు గనక వెనకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఈసారి చంకలో ఏమీ లేదు.

కిందికి వెళ్ళాను. పంజరం వ్యాను ఎక్కింది. పట్టాభిగారు సంఘం తరఫున కొబ్బరికాయ కొట్టారు. రంగరాజుగారు వ్యాను ముందు సీట్లో కూచుని "పోనియ్ అప్పారావ్" అన్నారు.

నేను ఊరికే, దారిన పోతూ అడిగినట్టు, "అప్పారావుగారూ, ఎదురు ఎవరొస్తున్నారండీ?" అన్నాను.

అప్పారావు తిప్పబోయిన తాళం వదిలేశాడు.

"అవును కదండి! సార్, పిల్లి ఎదురు రాకుండా బండి తియ్యకూడదని మనోళ్ళే కాయితం ఇచ్చారండి."

"పిల్లి బండిలోనే ఉంది కదయ్యా."

"బండిలో ఉన్నది బండికెలా ఎదురొత్తదండి? రేపు దారిలో ఏదన్నా అయితే నా లైసెన్సు పోద్దండి."

రంగరాజుగారు దిగారు. సత్తిబాబుని పిలిచి పంజరం చేత్తో పట్టుకుని వ్యాను ముందునుంచి అడ్డంగా నడవమన్నారు. సత్తిబాబు నడిచాడు. ఇంతలో పట్టాభిగారు గొంతు సవరించుకున్నారు. తప్పు కనిపిస్తే అది ఎవరికి లాభమో చూసుకోకుండా ఎత్తిచూపడం ఆయన బలహీనత.

"ఇది చెల్లదండీ. ఎదురొచ్చినది సత్తిబాబు. మార్జాలము అతని సామాను మాత్రమే."

"నిజమేనండి. నాకు బిళ్ళ లేదండి" అన్నాడు సత్తిబాబు.

పంజరం తలుపు తీశారు. చుక్కమ్మ బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, వ్యాను కింద నీడలోకి దూరి పడుకుంది. బిస్కట్లు వేశారు. చిటికెలు వేశారు. రంగరాజుగారు రోడ్డు మీద మోకాళ్ళు ఆన్చి "మ్యావ్" అని చూశారు, శాస్త్రీయంగా. అది తోక వంకర మాత్రం కాస్త కదిపింది.

"వర్జ్యం వచ్చేత్తందండి" అని అప్పారావు గొడవ.

"ఒకటే దారండి" అన్నాడు సత్తిబాబు. "మామ్మగారు నడిస్తే ఎనకాల వచ్చేత్తదండి. అది ఇంకెవరెనకాలా రాదండి."

మామ్మగారు ఎవరో, ఎవరైనా బయల్దేరేటప్పుడు ఎక్కడుంటారో ఎన్‌క్లేవ్‌లో తెలియనివాళ్ళు లేరు. రంగరాజుగారు పట్టాభిగారిని చూశారు. పట్టాభిగారు తన చెప్పుల్ని చూసుకున్నారు.

ఇద్దరూ మెట్లెక్కి మా ఇంటికొచ్చారు. వెనకగది తలుపు ముందు నిలబడి రంగరాజుగారు, "అమ్మా, తమరొక్కసారి... మాకు ఎదురు రావలసి ఉంది" అని గొణిగారు.

తలుపు తెరుచుకుంది. "నేనా నాయనా? చూసే పిలుస్తున్నావా?"

"చూసేనండి."

"మరి పట్టాభి?"

"కార్యదర్శిగా నాకు అభ్యంతరము లేదండి."

"కార్యదర్శి సంగతి సరే. నీకు?"

పట్టాభిగారికి ఆ ప్రశ్నకి ఆఫీసు భాషలో జవాబు దొరకలేదు. "రండమ్మా" అన్నారు.

"అలా గొణిగితే ఎలా? పేరంటానికి పిలిచినట్టు పిలవండి. కిందికి వెళ్ళి, వీధి గుమ్మంలో నిలబడి పిలవండి. అప్పుడొస్తాను."

నేను ఆ దృశ్యాన్ని మరిచిపోను. గెజిటెడ్ అధికారి ఒకాయన, రిటైరైన అధికారి ఒకాయన, పక్కపక్కనే నిలబడి మేడవైపు తలెత్తి, "అమ్మా కనకరత్నంగారూ, ఎదురు రండి!" అని మొత్తం సందు వినేలా కేకేశారు. బాల్కనీలన్నీ నిండిపోయాయి.

అత్తగారు కొంగు సర్దుకుని, కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. వర్జ్యం గురించి అప్పారావు చెప్పబోతే, రంగరాజుగారు నోరు మూయించారు. ఆవిడ రోడ్డు ఈ అంచున ఒక్క క్షణం ఆగారు. తర్వాత వ్యానుకి, జీపుకి, రెండు చేతులూ జోడించిన అధికారులకీ ఎదురుగా నడిచారు. తొందర పడలేదు. వ్యాను కిందనుంచి చుక్కమ్మ లేచి, తోక నిలబెట్టుకుని, బిళ్ళ గలగలమంటుంటే ఆవిడ వెనకాలే నడిచింది. అవతలి అంచుదాకా వెళ్ళి ఆవిడ తిరిగి చూసి, "శుభం నాయనా, వెళ్ళిరండి" అన్నారు. అని వ్యాను వెనకనుంచి చుట్టు తిరిగి మళ్ళీ మా మెట్లెక్కారు. చుక్కమ్మ కూడా ఎక్కింది.

"శుభం సార్!" అని అప్పారావు బండి తీసేశాడు.

"ఆగు ఆగు, పిల్లి?"

"శకునం అయ్యాక ఆపకూడదండి, ఎనక్కి పిలవకూడదండి. ఎక్కండి సార్, ఎక్కండి!"

రంగరాజుగారు పరిగెత్తి ఎక్కారు. బంతిపూల దండ, ఏసీ, పంజరం, అందులో నేత చీర ముక్క, అన్నీ శుభముహూర్తంలో రాజధానికి బయల్దేరాయి.

పైకొచ్చి చూస్తే అత్తగారు వెనకగదిలో లేరు. వీధిగదిలో గుమ్మానికి ఎదురుగా ఉండే పడక్కుర్చీలో, చుక్కమ్మని ఒళ్ళో వేసుకుని కూచున్నారు. ఆ సాయంత్రం మా ఆయన ఏదో పనిమీద బయటికి వెళ్ళబోతూ వెనకగదివైపు చూశారు, అలవాటుగా. "ఇటు, ఇటు. ఇక్కడున్నాను, వెళ్ళిరా" అన్నారు ఆవిడ.

ఇంత శుభంగా బయల్దేరిన బండిలో పిల్లి లేదని రంగరాజుగారు రాయలేకపోయారు. రాస్తే ఉత్తర్వు తప్పు, శకునం తప్పు, మండలి తప్పు. కాబట్టి తరలింపు పూర్తయిందని రాశారు. గేటు ముందు జనం రాజధానికి బస్సులెక్కారు. పట్టాభిగారి దగ్గరికి తరలింపు నివేదిక ప్రతి వచ్చింది. కింది అంతస్తువాళ్ళు "మరి వాళ్ళింట్లో ఇంకా పిల్లి తిరుగుతోంది కదండీ, దానికి గుర్తింపుందా?" అని సమావేశంలో అడిగితే, ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని చెప్పారట:

"రికార్డు ప్రకారము ఆ ఇంట పిల్లి లేదు. లేని పిల్లికి గుర్తింపు ఉన్నదా అని అడిగే అధికారము ఈ సంఘమునకు లేదు."

మర్నాడు ఆయన వాయిదా. స్కూటరు తీసేముందు మా కిటికీవైపు చూసి, "అమ్మా, ఎదురు వస్తారా?" అన్నారు. చుక్కమ్మని పిలిచారో, అత్తగారిని పిలిచారో మేమెవరం అడగలేదు. ఇద్దరూ వెళ్ళారు.

కొన్నాళ్ళకి సంరక్షణ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. చుక్కమ్మ అత్తగారి ఒళ్ళో గురక పెడుతుంటే, నేను పక్కన పీట వేసుకుని పైకి చదివాను.

"తమరు పంపిన మార్జాలము క్షేమముగా చేరినది. మిక్కిలి ఆరోగ్యముగా నున్నది. వాతావరణమునకు అలవాటుపడినది. దాని పోషణార్థము ప్రతిదినము ఆవుపాలు వినియోగించబడుచున్నవి."

అత్తగారు ఒళ్ళోని పిల్లిని ఒకసారి చూసి, నన్ను చూశారు.

"ఆవుపాలా? అయ్యో, దానికి పాలు పడవే. విరోచనాలు పట్టుకుంటాయి. వెంటనే జవాబు రాయి, పెరుగు పొయ్యమని."